నా పేరున ఒక కనెక్షన్

పోయిన ఆదివారం పొద్దున పెసరట్లు పోస్తుంటే ఫోన్ మోగింది. తెనాలిలో మా పిన్ని వాళ్ల పక్కింటి అమ్మాయి. పెళ్లయి ఆరు నెలలు, ఆగస్టులో అమెరికాలో దిగింది. వాళ్లాయన పీహెచ్‌డీ చేస్తున్నాడు. యూనివర్సిటీ వాళ్ల ఫ్యామిలీ అపార్ట్‌మెంట్లలోనే ఇల్లు దొరికింది.

"అక్కా, నెట్ రావట్లేదు. గోడకి రెండు కన్నాలున్నాయి. చిన్నదాంట్లో వైరు పట్టట్లేదు. పెద్దదాంట్లో పట్టింది గానీ ఏమీ రాలేదు. ఆయన వచ్చాక చూస్తానన్నారు. మూడు రోజులైంది. రాత్రి పదింటికి వస్తారు, తిని పడుకుంటారు" అంది.

నవ్వొచ్చింది, వెంటనే నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే "ఆయన వచ్చాక చూస్తారు" అన్న మాట ఈ దేశంలో నేను మొదటి ఎనిమిది నెలలు రోజుకు పదిసార్లు అనుకున్నాను. ఈ నెల ఆ సంగతే రాస్తాను. యూనివర్సిటీ ఇళ్లలోకి కొత్తగా వచ్చిన చెల్లెళ్లు ఇది చదివాక ఆ మాట కాస్త తక్కువసార్లు అనుకుంటే నాకంతే చాలు.

మేం వచ్చింది కూడా ఆగస్టులోనే. మిడ్‌వెస్ట్‌లో చుట్టూ మొక్కజొన్న చేలున్న యూనివర్సిటీ ఊరు. రెండంతస్తుల ఇటుక బిల్డింగు, కింది ఇల్లు మాది. అద్దెలోనే కరెంటు, నీళ్లు, ఇంటర్‌నెట్ కలిపే ఉన్నాయన్నారు. భలే చవక అనుకున్నాం. ఖాళీ చేసి వెళ్తున్న ఒక తమిళ కుటుంబం దగ్గర 80 డాలర్లకు పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ కొన్నాం. ఆవిడ దాంతోపాటు కుక్కర్, చపాతీ పీట, ఒక నీలం రంగు నెట్ కేబుల్ ఉచితంగా ఇచ్చింది. "ఈ కేబుల్ పారేయకు, ఇక్కడ వైఫై కంటే ఇదే నయం" అని మరీ చెప్పింది.

నేను బీఎస్సీ ఎంపీసీ. డిగ్రీలో ఫిజిక్స్ అంటే ప్రాణం. ఆ కేబుల్ పైతొడుగు చివర కొంచెం చిరిగి ఉంటే లోపలికి తొంగిచూశాను. ఎనిమిది సన్నటి తీగలు. రెండేసి చొప్పున మెలిపెట్టిన నాలుగు జతలు. ఒక్కో జత మెలిక ఒక్కో బిగువులో ఉంది. ఊరికే అందానికి పెట్టిన మెలికలు కావవి. బయట నుంచి వచ్చే విద్యుదయస్కాంత గోల జతలోని రెండు తీగల మీదా దాదాపు సమానంగా పడుతుంది. అవతలి చివర రెండింటి మధ్య తేడాను మాత్రమే తీసుకుంటారు కాబట్టి గోల కొట్టుకుపోతుంది, అసలు మాట మిగులుతుంది. మెలికల బిగువు వేరువేరుగా ఉండటం వల్ల పక్క జతలోని మాట ఈ జతలోకి జొరబడదు. టెలిఫోన్ బెల్ 1881లోనే ఈ మెలికకు పేటెంట్ తీసుకున్నాడు.

దానికి ఈథర్‌నెట్ అన్న పేరు చూసినా నాకు ముచ్చటే. కాంతి ప్రయాణించడానికి ఈథర్ అనే మాధ్యమం ఉండి తీరాలని పాతకాలం శాస్త్రవేత్తలు నమ్మేవారు. 1887లో మైకెల్సన్, మోర్లీ వెతికితే దాని జాడ దొరకలేదు. ఆ ప్రయోగం మాకు డిగ్రీలో పదిహేను మార్కుల ప్రశ్న. 1973లో జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్ కంప్యూటర్లను కలిపే పద్ధతి ఒకటి ఆలోచించి, దానికి ఆ లేని ఈథర్ పేరే పెట్టాడు. ఇదంతా మా వారికి ఉత్సాహంగా చెప్పబోయాను. ఆయన అప్పటికే బ్యాగు తగిలించుకుని ఓరియెంటేషన్‌కి పరిగెడుతున్నారు. "వచ్చాక చూస్తాలే" అన్నారు.

ఆగలేక నేనే గుచ్చాను. గోడకున్న చిన్న కన్నం పాతకాలం టెలిఫోన్‌ది, పెద్దది నెట్‌ది. టిక్కుమని పట్టింది. కంప్యూటర్ వెనక ఆకుపచ్చ దీపం మిణుకుమంది. అబ్బ అనుకున్నాను. పేజీ తెరిస్తే రాలేదు. సెట్టింగ్స్‌లో చూస్తే 169.254తో మొదలయ్యే ఒక నంబరు కనిపించింది.

ఆ నంబరు గుర్తుపెట్టుకోండి. నెట్‌లోకి అడుగుపెట్టే ప్రతి యంత్రానికీ ఐపీ అడ్రస్ అని ఒక నంబరు కావాలి. కేబుల్ గుచ్చగానే మన కంప్యూటర్ "నాకో నంబరిస్తారా?" అని కేకేస్తుంది. యూనివర్సిటీ సర్వర్ ఒకటి విని, "ఇదిగో, ఇన్ని గంటలు వాడుకో" అని అద్దెకిచ్చినట్టు ఇస్తుంది. ఎవరూ పలకకపోతే కంప్యూటర్ తనకు తానే 169.254తో ఒక నంబరు పెట్టుకుని కూర్చుంటుంది. పెళ్లికి వెళ్తే ఎవరూ పలకరించక, మనమే ఓ మూల కుర్చీ లాక్కుని కూర్చున్నట్టు. ఆ నంబరు కనిపించిందంటే మీ కంప్యూటర్‌కు జబ్బు చేసిందని కంగారుపడొద్దు. వైరు సరిగ్గా పట్టకపోవడమో, గోడలోని కనెక్షన్ పనిచేయకపోవడమో అయివుంటుంది. మా ఇంట్లో ఆ కనెక్షన్ ఇంకా తెరవలేదు. ఆఫీసుకి ఫోన్ చేస్తే సాయంత్రానికి తెరిచారు.

అప్పుడు ఒక పేజీ వచ్చింది. "ఈ యంత్రం మా దగ్గర నమోదు కాలేదు. మీ యూనివర్సిటీ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వండి." నా దగ్గర ఏముంది? ఆయన స్టూడెంట్, నేను ఆయన భార్యను. ఎఫ్-2 వీసా మీద వచ్చినదాన్ని. ఉద్యోగం చేయకూడదు. బ్యాంకు ఖాతాలో రెండో పేరు నాది, ఇంటి అగ్రిమెంటులో "ఇతర నివాసులు" అన్న గడిలో పేరు నాది. ఈ పేజీలో ఆ గడి కూడా లేదు.

మావారికి ఫోన్ చేస్తే పాస్‌వర్డ్ చెప్పారు. క్యాలెండర్ వెనక రాసుకున్నాను. పాస్‌వర్డ్ ఇంకొకరికి ఇవ్వకూడదని యూనివర్సిటీ రూల్స్‌లో మొదటి లైనే ఉంది. మొగుడూ పెళ్లాల మధ్య ఈ రూల్స్ ఏమిట్లే అనుకున్నాం. ఆ పాస్‌వర్డే ఆయన మార్కులకు, జీతానికి, ప్రొఫెసర్‌తో నడిచే ఉత్తరాలకు కూడా తాళంచెవి అన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. కంప్యూటర్, నా ఫోన్, పాప టాబ్లెట్ అన్నీ ఆయన పేరునే నమోదు చేశాను. ఎనిమిది నెలలు బండి నడిచింది.

ఏప్రిల్‌లో ఒక శనివారం పక్కవీధిలో గ్యారేజ్ సేల్ పెట్టారు. అయిదు డాలర్లకు రౌటర్ కనిపించింది. పడకగదిలో వైఫై సరిగ్గా అందదని ఆయన ఎప్పటి నుంచో విసుక్కుంటున్నారు. సోమవారం ఆయన నాలుగు రోజుల కాన్ఫరెన్స్‌కి వేరే రాష్ట్రం వెళ్తున్నారు. వచ్చేసరికి పెట్టేసి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం పాపను పడుకోబెట్టి మొదలుపెట్టాను. రౌటర్ వెనక అయిదు కన్నాలు. ఒకటి వేరే రంగులో, నాలుగు ఒకే రంగులో ఉన్నాయి. గోడ నుంచి వచ్చిన కేబుల్‌ని ఆ నాలుగింట్లో ఒకదాంట్లో గుచ్చాను. నెట్ రాలేదు. రెండుసార్లు ఆపి వేశాను. అయినా రాలేదు. ఈలోగా పాప లేచింది. రాత్రికి చూద్దాంలే అని దాన్ని అలాగే వదిలేసి వంటింట్లోకి వెళ్లాను.

నేను చేసిన తప్పు ఇదీ. వేరే రంగు కన్నం బయటి నెట్ కోసం. మిగతా నాలుగూ ఇంట్లో యంత్రాల కోసం. ఆ నాలుగింటి వైపు రౌటర్ తనే ఇంటి పెద్ద. ఎవరైనా "నాకో నంబరిస్తారా?" అని అడిగితే చాలు, టక్కున ఇచ్చేస్తుంది. దాన్ని గోడకి అటువైపు నుంచి కలిపేసరికి, మా ఒక్క ఇంటికే కాదు, ఆ బిల్డింగులో కేకేసిన ప్రతి కంప్యూటర్‌కూ నా అయిదు డాలర్ల రౌటర్ బదులు పలకడం మొదలుపెట్టింది. యూనివర్సిటీ సర్వర్ కంటే ఇది దగ్గర కదా, ఇదే ముందు పలికేది. ఇచ్చిన నంబర్లేమో బయటికి దారి లేనివి. బస్టాండ్‌లో ఎవడో టోపీ పెట్టుకుని నిలబడి దొంగ టికెట్లు అమ్మినట్టే. ఈ రోజుల్లో చాలాచోట్ల స్విచ్‌లే ఇలాంటి దొంగ జవాబులను పట్టి ఆపేస్తాయి. మా బిల్డింగులో అప్పటికి ఆ ఏర్పాటు లేదు. సొంత రౌటర్లు పెట్టొద్దని హౌసింగ్ రూల్స్‌లో రాసేవుంది. మేం చదవలేదు.

నాలుగున్నరకి తలుపు కొట్టారు. యూనివర్సిటీ నెట్‌వర్క్ మనిషి, చేతిలో లాప్‌టాప్. ఆయన వెనక మెట్ల మీద పై ఇంటి ఇరానీ అమ్మాయి నిలబడి ఉంది. నీట్‌గా కోటు వేసుకుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆయన రౌటర్ చూసి, కేబుల్ పీకి, "మేడమ్, ఇది మళ్లీ పెట్టకండి. ఈ ఇంటి పోర్టు ప్రస్తుతానికి మూసేశాం. అకౌంట్ ఉన్నవారు మాతో మాట్లాడితే తెరుస్తాం" అని మర్యాదగానే చెప్పి వెళ్లిపోయాడు.

ఆ అమ్మాయి పీహెచ్‌డీ చివరి ఏడు. ఆ మధ్యాహ్నం రెండింటికి వీడియోలో ఉద్యోగం ఇంటర్వ్యూ ఉందట. సరిగ్గా అప్పుడే లాప్‌టాప్ తెరిచింది. దానికి నా రౌటర్ నంబరిచ్చింది. ఫోన్ పట్టుకుని కాలవగట్టు మీదికి పరిగెత్తి, అక్కడి నుంచి సగం మాటలు వినపడీ వినపడకుండా మాట్లాడిందట. నేను సారీ చెప్పాను. ఆమె ఏమీ అనలేదు, తల ఊపి పైకి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను, తప్పు నాదేనన్నాను. అవతలి అబ్బాయి అంతా విని, "అకౌంట్ మీ పేరున ఉందా?" అన్నాడు. లేదు, మావారిది అన్నాను. "అయితే ఆయనతోనే మాట్లాడాలి. విద్యార్థి వివరాలు మేం మూడో మనిషితో మాట్లాడకూడదు" అన్నాడు.

నేను మూడో మనిషినట. ఆ ఇంట్లో ఇరవై నాలుగ్గంటలూ ఉండేది నేను. ఆ కేబుల్ గుచ్చింది నేను, ఆ తప్పు చేసింది నేను. తప్పు ఒప్పుకోవడానికి కూడా నాకక్కడ హక్కు లేదు. ఆ అబ్బాయిని ఏమనగలం? రూల్ సరైనదే. రేపు ఇంకెవరో ఫోన్ చేసి నేను ఫలానా వారి భార్యనంటే వివరాలన్నీ చెప్పేస్తారా? కానీ నేను ఆ రూల్‌కి బయట నిలబడ్డాను, అంతే.

ఇదంతా ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఆ రాత్రి. మర్నాడు పొద్దున పదింటికి గుంటూరులో మా నాన్నకి యాంజియోగ్రామ్. అక్కడ పొద్దున పది అంటే మాకు ముందురోజు రాత్రి పదకొండున్నర. లోపలికి తీసుకెళ్లే ముందు వీడియోలో చూపిస్తానని తమ్ముడు చెప్పాడు. నాన్న నాలుగు రోజులుగా "అమ్మాయి మొహం చూసి లోపలికెళ్తా" అంటున్నాడట. నెల చివరికొచ్చేసరికి మా ఫోన్లో డేటా అయిపోయింది. పైగా ఆ ఇటుక గోడల మధ్య సిగ్నల్ కిటికీ దగ్గర తప్ప అందదు, అందినా వీడియో నిలవదు. ఊరి లైబ్రరీలో వైఫై ఉంది, తొమ్మిదింటికి మూసేస్తారు. మా వారు విమానంలో ఉన్నారు. దిగాక ఫోన్ చేసేసరికి రాత్రి ఎనిమిది. హెల్ప్‌డెస్క్ మూసేశారు. ఆయన మెయిల్ పెట్టారు, జవాబు మర్నాడే. "నేనొచ్చాక చూసేవాణ్ణిగా, నువ్వెందుకు ముట్టుకున్నావు?" అన్నారు. ఆయన అలసటలో అన్నమాటే అది, కానీ నాకు చురుక్కుమంది.

ఒక తమాషా చెప్తాను. ఆయన దిగింది ఇంకో యూనివర్సిటీలో. అక్కడ లాప్‌టాప్ తెరవగానే నెట్ దానంతటదే వచ్చేసింది. ఎడ్యురోమ్ అని యూనివర్సిటీల ఉమ్మడి వైఫై ఉంది. యూరప్‌లో మొదలైంది, ఇప్పుడు వందకు పైగా దేశాల్లో ఉంది. మన సొంత యూనివర్సిటీ యూజర్ నేమ్‌తోనే వేరే యూనివర్సిటీలో కూడా నెట్ వస్తుంది. వెయ్యి మైళ్ల దూరంలో ఆయన పేరుకి తలుపు తెరుచుకుంది. సొంతింట్లో కూర్చున్న నాకు తెరుచుకోలేదు.

పదిన్నరకి పాపను దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుని పైకెళ్లి తలుపు కొట్టాను. ఏ మొహం పెట్టుకుని కొట్టానో నాకే తెలీదు. ఇరానీ అమ్మాయి తలుపు తీసింది. నాన్న, ఆస్పత్రి, వీడియో అన్నాను. ఇంకేం చెప్పనివ్వలేదు. పాపను తన మంచం మీద పడుకోబెట్టింది. తన లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, తానే తెరిచి, గ్లాసులో నల్లటి టీ పోసిచ్చి, పక్కగదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. పదకొండూ నలభైకి నాన్న కనిపించాడు. ఆకుపచ్చ గౌను, నుదుట విభూతి. "భోజనం చేశావా అమ్మా?" అన్నాడు. అంతే అన్నాడు. స్ట్రెచర్ కదిలిపోయింది.

ఒక స్టెంట్ పడింది. నాన్న ఇప్పుడు రోజూ పొద్దున గట్టు మీద మూడు కిలోమీటర్లు నడుస్తున్నాడు. ఇరానీ అమ్మాయికి ఆ ఉద్యోగం రాలేదు. నా వల్లేనా అని ఒకసారి అడిగాను. "తెలీదు, వాళ్లు కారణం చెప్పలేదు" అంది. తర్వాత వేరేచోట వచ్చింది, వెళ్లిపోయింది. ఆ "తెలీదు" అన్నది మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

మంగళవారం పొద్దున్నే పాపను స్ట్రోలర్‌లో వేసుకుని హెల్ప్‌డెస్క్ ఆఫీసుకే నడిచివెళ్లాను. ఫోన్లో అయితే మూడో మనిషిని గానీ, ఎదురుగా నిలబడితే మనిషిని కదా. కౌంటర్లో ఒక పెద్దావిడ ఉంది. ముందు క్షమాపణ చెప్పుకున్నాను. తర్వాత అడిగాను, "నాలాంటి వాళ్లు సొంతంగా కనెక్షన్ పెట్టుకునే దారే లేదా?" అని. ఆవిడ కళ్లజోడు మీదుగా చూసి, "ఉంది కదా! భార్యలకూ భర్తలకూ స్పాన్సర్డ్ అకౌంట్ ఇస్తాం. మీవారు ఒక పేజీలో సరేనని నొక్కాలి. మీరు పాస్‌పోర్టు చూపించాలి. అంతే. ఎవరూ అడగరు" అంది.

ఎవరూ అడగరు! ఎనిమిది నెలలు నేను అడగలేదు, ఆయనకు తట్టలేదు. అందులో ఆయన తప్పేమీ లేదు. తలుపు ఎవరికి తెరిచే ఉంటుందో వాళ్లకు తాళం సంగతి గుర్తుండదు. ఆయన అక్కడి నుంచే నొక్కారు. మధ్యాహ్నానికి నాకో యూజర్ నేమ్ వచ్చింది. దాంతోపాటు యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలు తెచ్చుకునే కార్డు కూడా. గురువారం మావారు వచ్చేసరికి ఇంట్లో నెట్ వచ్చేసింది. కంప్యూటర్, నా ఫోన్, పాప టాబ్లెట్ ఆయన జాబితా నుంచి తీసేసి నా పేరున నమోదు చేశాను. ఆయన పాస్‌వర్డ్ మార్చుకోమని చెప్పాను. క్యాలెండర్ వెనక చించేశాను. రౌటర్‌ని చెత్తలో పారేయలేదు. అటక మీద ఉంది, పొగరెక్కినప్పుడు చూసుకోవడానికి.

కొత్తగా వచ్చే చెల్లెళ్ల కోసం నాలుగు మాటలు.

సన్నటి కొత్త లాప్‌టాప్‌లకు నెట్ కేబుల్ పట్టే కన్నం ఉండదు. దానికి యూఎస్‌బీ అడాప్టర్ ఒకటి కొనుక్కోవాలి. వీడియో కాల్స్‌కి వైఫై కంటే కేబుల్ నిలకడగా ఉంటుంది. పిల్లలు తట్టుకుని పడకుండా గోడవారగా లాగి టేపు వేయండి.

నమోదు చేసేటప్పుడు మ్యాక్ అడ్రస్ అడుగుతారు. ప్రతి యంత్రానికీ తయారీలోనే పడే గుర్తు అది. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు కలిపి మొత్తం పన్నెండు ఉంటాయి. అలా 281 లక్షల కోట్లకు పైగా గుర్తులు పెట్టొచ్చు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్, ఖాళీ, స్లాష్, ఆల్ అని ఇంగ్లిషులో కొడితే "ఫిజికల్ అడ్రస్" అన్నచోట కనిపిస్తుంది. కేబుల్‌కి ఒకటి, వైఫైకి ఒకటి ఉంటాయి, రెండూ కలగాపులగం చేసుకోకండి. అడాప్టర్ వాడితే కేబుల్‌కి దాని గుర్తే వస్తుంది.

నిన్న నమోదు చేసిన ఫోన్‌ని ఇవాళ "నువ్వెవరు?" అందనుకోండి, దానికీ కారణం ఉంది. మనల్ని ఎవరూ వెంటాడకుండా కొత్త ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో మారుపేరు చెప్తాయి. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020లో వచ్చిన ఐఫోన్ ఐఓఎస్ 14 నుంచి ఈ పద్ధతి ఉంది. ఇంటి వైఫై వరకు ఆ "ప్రైవేట్ అడ్రస్" ఆపేస్తే సరిపోతుంది. బయట కాఫీ షాపుల్లో ఉంచుకోండి.

ఇంకోటి, సినిమాలు. కొత్త తెలుగు సినిమా టొరెంట్‌లో దించుకుంటే ఎవరికి తెలుస్తుందిలే అనుకోవద్దు. హక్కుదారులు ఐపీ అడ్రస్ పట్టుకుని యూనివర్సిటీకి నోటీసు పంపుతారు. ఆ గంటలో ఆ నంబరు ఎవరి పేరున ఉందో యూనివర్సిటీ దగ్గర రాసుంటుంది. పాటించాల్సిన చట్టాలున్నాయి, 1998 నాటి కాపీరైట్ చట్టం ఒకటి, 2008 నాటి ఉన్నత విద్య చట్టం ఒకటి. మీరు సరదాకి చూసిన సినిమా మీవారి రికార్డులో మచ్చగా పడొచ్చు. ఆయన పేరు మీద మనం తిరుగుతున్నప్పుడు మన పనుల బరువు కూడా ఆయన మీదే పడుతుంది. సొంత పేరు ఉంటే సొంత బాధ్యత ఉంటుంది. అదీ మంచిదే.

అన్నిటికంటే ముందు, మీ పేరున అకౌంట్ ఉంటుందా అని అడగండి. ఒక్కోచోట ఒక్కో పేరుతో ఉంటుంది, గెస్ట్ అనో, స్పాన్సర్డ్ అనో. కొన్నిచోట్ల అసలు ఉండకపోవచ్చు. లేదంటే లేదని తెలుసుకోండి. అడగకుండా మాత్రం ఉండకండి. వీసా మీద మనల్ని డిపెండెంట్ అని రాశారు. ప్రభుత్వం వాళ్ల మాట అది, వాళ్ల కాగితం మీద ఉండనివ్వండి. దాన్ని ఇంట్లో ప్రతి స్విచ్చుకీ, ప్రతి వైరుకీ మనమే అంటించుకోనక్కర్లేదు.

ఆదివారం ఆ అమ్మాయికి ఫోన్లోనే చెప్పుకుంటూ వెళ్లాను. పెద్ద కన్నంలోనే ఉంచు, దీపం వెలుగుతోందా? వెలుగుతోంది. నంబరు చదువు. 169.254. అయితే పోర్టు తెరవమని ఆఫీసుకి మెయిల్ పెట్టు. "నేను పెట్టొచ్చా అక్కా? ఆయన పెట్టాలేమో?" అంది. ఇంటి నంబరు, గోడమీద పోర్టు నంబరు రాసి నువ్వే పెట్టు, ఏమంటారో చూద్దాం అన్నాను. సోమవారం తెరిచారు. నమోదు పేజీ వచ్చింది. పాస్‌వర్డ్ చెప్పమని ఆయన్ని అడగలేదు, ఆ రాత్రి ఆయన్నే పక్కన కూర్చోబెట్టి కొట్టించింది. మర్నాడు పాస్‌పోర్టు పట్టుకుని బస్సెక్కి ఆఫీసుకి వెళ్లింది. ఆ దేశంలో ఒంటరిగా బస్సెక్కడం అదే మొదటిసారట.

గురువారం ఫోటో పంపింది. స్క్రీన్ మీద తన పేరు, కింద "మీ యంత్రం నమోదైంది" అన్న మాట. వెంటనే ఫోన్ చేసింది.

"అక్కా, పాస్‌పోర్టులో ఉన్నట్టే మా పుట్టింటి ఇంటిపేరు పడింది. మార్పించనా?"

"నెట్ వస్తోందా?"

"వస్తోంది."

"అయితే ఉండనీ" అన్నాను.

వచ్చే నెల మళ్లీ కలుద్దాం.